ఆట తప్పా? నోటు విసిరే చెయ్యి తప్పా?

రికార్డింగ్ డాన్సులు, బారు డాన్సులు ఆడదాన్ని అంగడి సరుకుగా మారుస్తున్నాయా?

చర్లపల్లి: జాతర దగ్గర పడుతోందంటే ఊళ్ళో రెండు ప్రశ్నలు వినబడతాయి. ఇంటికి చందా ఎంత అన్నది ఒకటి. రాత్రికి కార్యక్రమం ఏమిటన్నది రెండవది. ఒగ్గుకథ, బుర్రకథ, నాటకం అంటే పెద్దలు తల ఊపుతారు. డాన్సు ప్రోగ్రాం అంటే కుర్రకారు ఈలలు వేస్తారు. పది గంటల వరకు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పాటలు సాగుతాయి. ఆ తరువాత ఆడవాళ్ళు పిల్లల్ని చంకన వేసుకుని ఇళ్ళకు మళ్ళుతారు. మగవాళ్ళు ముందు వరుసలకు జరుగుతారు. అప్పటి నుంచి స్టేజీ మీద ఆడే అమ్మాయికి పేరుండదు, ఊరుండదు. మీద పడే పది రూపాయల నోట్లు మాత్రం ఉంటాయి.

దీనికే మన ప్రాంతంలో రికార్డింగ్ డాన్సు అని పేరు. గ్రామఫోను రికార్డు మీద సినిమా పాట వేసి, దానికి తగ్గట్టు ఆడటం వల్ల ఆ పేరు వచ్చింది. రికార్డులు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి పెన్ డ్రైవులు వచ్చినా పేరు మాత్రం మారలేదు. కోస్తా జిల్లాల్లో ప్రతి సంక్రాంతికీ వీటిని అనుమతించేది లేదని పోలీసు అధికారులు ప్రకటించడం, ఎక్కడో ఒకచోట అవి జరగడం, నిర్వాహకుల మీద కేసులు పెట్టడం ఏటా చూస్తున్నదే. ఇక పట్నంలో బార్లు, పబ్బుల పేరిట ఇదే ఆట నాలుగు గోడల మధ్య సాగుతోంది. అప్పుడప్పుడు దాడులు జరుగుతాయి. మర్నాడు పేపర్లో ముఖాలు కప్పుకున్న అమ్మాయిల ఫొటోలు వస్తాయి.

చర్లపల్లి పరిసరాలవారికి ఈ సంగతి కొత్త కాదు. ఒకప్పుడు ఇది పట్నానికి దూరంగా ఉన్న వ్యవసాయపు పల్లె. నేడు పారిశ్రామికవాడ, కేంద్ర కారాగారం, గ్యాసు, పెట్రోలు డిపోలు, 2025 జనవరి 6న ప్రారంభమైన కొత్త రైల్వే టెర్మినల్ ఇక్కడ ఉన్నాయి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ కార్ఖానాల్లో ఇతర జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి ఆలుబిడ్డల్ని వదిలి వచ్చిన కార్మికులు వేల సంఖ్యలో పని చేస్తున్నారు. చేతిలో జీతం, సాయంత్రానికి ఒంటరితనం ఉన్నచోట ఇటువంటి వ్యాపారానికి గిరాకీ ఉంటుంది. పట్నంలో అలవాటైన చూపు పండుగనాటికి కీసర, ఘట్‌కేసర్ వైపు ఊళ్ళకూ చేరుతోంది. కనుక ఇది పట్నపు ముచ్చట మాత్రమే అనుకుని ఊరుకోవడానికి వీలులేదు.

వస్తువుగా చూడటమంటే ఏమిటి?

ఆడది అందంగా ఉందని చూసినంత మాత్రాన ఆమెను వస్తువుగా చూసినట్టు కాదు. కూచిపూడి ఆడే అమ్మాయి ముఖమూ చూస్తాం, బతుకమ్మ చుట్టూ తిరిగే మన ఆడబిడ్డల చీరలూ చూస్తాం. మనిషిని వస్తువు చేయడమంటే ఆమెకు ఇష్టాయిష్టాలున్నాయన్న సంగతిని మరచిపోవడం. సంతలో ఎద్దును బేరమాడేటప్పుడు పళ్ళు చూస్తారు, మూపురం తడుముతారు, నడిపించి చూస్తారు. నీకు నాతో రావడం ఇష్టమేనా అని ఎద్దును ఎవరూ అడగరు. మనిషి దగ్గర కూడా ఆ ప్రశ్న మానేసిన చోట వస్తువుతనం మొదలవుతుంది.

ఆ చూపు చూసేవాడితో ఆగదు. చూడబడే ఆడపిల్ల కూడా తన ఒంటిని తన కళ్ళతో కాక ఎదుటివాడి కళ్ళతో చూసుకోవడం మొదలుపెడుతుందని, దానివల్ల సిగ్గు, దిగులు పెరుగుతాయని బార్బరా ఫ్రెడ్రిక్సన్, టోమీ-ఆన్ రాబర్ట్స్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో వివరించారు. స్టేజీ మీది అమ్మాయికే కాదు, అది చూసి ఇంటికి వచ్చిన అన్నదమ్ముల నోట మాటలు వినే అక్కచెల్లెళ్ళకూ ఇది వర్తిస్తుంది.

అయితే తప్పు ఆటదా, ఆ ఆట చుట్టూ ఉన్న ఏర్పాటుదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి చాలా దూరం పోనక్కరలేదు.

మౌలాలి గుట్ట చెప్పే కథ

చర్లపల్లికి పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరంలో మౌలాలి గుట్ట ఉంది. ఆ గుట్ట కింద తోట మధ్యలో ఒక సమాధి ఉంది. అది మహ్ లఖా బాయి చందాది. 1768లో పుట్టి 1824లో మరణించిన ఆమె నిజాం దర్బారులో ఆడి పాడిన నర్తకి. ఉర్దూలో గజళ్ళు రాసిన కవయిత్రి కూడా. ఆమె గజళ్ళ సంపుటి మరణానంతరం వెలువడింది. తల్లి రాజ్ కున్వర్ బాయి సమాధిని 1792లో ఆమే కట్టించింది. తరువాత ఆమెనూ అక్కడే ఖననం చేశారు. నిజాం ఆమెకు జాగీర్లు ఇచ్చాడు. అడిక్‌మెట్ జాగీరు ఆమెదే. నేడు వేలాది విద్యార్థులు చదువుకుంటున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ నేలమీదనే వెలిసిందంటారు. చనిపోయేటప్పుడు ఆస్తిపాస్తులను దిక్కులేని ఆడవాళ్ళకు రాసి ఇచ్చిందని కూడా చెబుతారు.

ఆమె ఆడినదీ మగవాళ్ళ ముందే. ఆమెకు దక్కినదీ మగవాళ్ళు ఇచ్చిన ధనమే. కానీ ఆమెకు పేరుంది, చదువుంది, చేతిలో ఆస్తి ఉంది, కాదనగలిగే సత్తువ ఉంది. అలాగని ఆ కాలమంతా బంగారమని అనుకోరాదు. దర్బారు గుమ్మం దాకా రాలేని నర్తకులు ఎందరో ఉండేవారు, వారికి సమాధులు లేవు. ఆమె కథ చెప్పే నీతి ఒక్కటే. ఆట ఒకటే అయినా ఆడే మనిషి పరిస్థితిని బట్టి అది గౌరవమూ కావచ్చు, బానిసత్వమూ కావచ్చు.

మేళాలు పోయాయి, మనుషులు ఏమయ్యారు?

కోస్తా ప్రాంతంలో వంద, నూట యాభై ఏళ్ళ క్రితం పెళ్ళిళ్ళలో భోగం మేళం పెట్టడం జమీందారుల ఇళ్ళలో పరువుగా ఉండేది. కందుకూరి వీరేశలింగం దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. గురజాడ అప్పారావు 1892లో ప్రదర్శింపబడిన కన్యాశుల్కంలో మధురవాణి అనే వేశ్యను సృష్టించి, చుట్టూ ఉన్న పెద్దమనుషులకన్నా ఆమెకే ఎక్కువ వివేకం ఉన్నట్టు చూపారు. ఈ రెండు చూపులూ మనకు వారసత్వంగా వచ్చాయి. ఆచారం చెడ్డదన్నది ఒకటి, ఆ ఆచారంలో చిక్కిన మనిషి చెడ్డది కాదన్నది మరొకటి.

డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి వంటి వారి కృషి ఫలితంగా 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. చిన్నపిల్లలను గుడికి అంకితం చేసి పెద్దల పాలు చేసే ఆచారానికి ఆ చట్టం అడ్డుకట్ట వేసింది. అది జరిగి తీరవలసిన పని. కానీ అదివరకే ఆ వృత్తిలో ఉన్న కళావంతుల ఆడవాళ్ళకు బతుకుదెరువు ఎవరూ చూపలేదు. వారి నాట్యం మాత్రం సభల మీదికి ఎక్కి గౌరవం పొందింది. నటరాజ రామకృష్ణ వారి దగ్గరకే వెళ్ళి అడుగులు సేకరించి ఆంధ్రనాట్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. కళకు పునర్జన్మ దొరికింది, కళాకారిణుల్లో చాలామందికి దొరకలేదు.

తెలంగాణలో జోగినీ ఆచారం ఇంకా దారుణమైనది. దళిత కుటుంబాల పసిపిల్లలను దేవత పేరు చెప్పి ఊరుమ్మడి చేసేవారు. జాతరలోనూ, శవం ముందూ ఆడించేవారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి దీన్ని నిషేధించింది. ఇక్కడ ఆడే అమ్మాయికి కాదనే హక్కు పుట్టుకతోనే లేదు. ఆమె ఒంటిమీద బట్ట నిండుగా ఉన్నా సరే, అంతకన్నా మనిషిని వస్తువు చేయడం మరొకటి లేదు. బట్ట కొలత చూసి నీతిని తేల్చేవారు ఈ సంగతి గమనించాలి.

కొవ్వలి నుంచి కోడంబాకం దాకా

రికార్డింగ్ డాన్సులకు పాటలు ఇచ్చింది సినిమాలే. ఆ పాటల్లో ఆడిన వారిలో దేశమంతా ఎరిగిన పేరు సిల్క్ స్మిత. ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి ఆమె. ఇంటి పేదరికం వల్ల చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. మద్రాసు చేరి చిన్న చిన్న పనులు చేసి సినిమాల్లోకి వచ్చింది. ఆమె పాట ఉందంటే పంపిణీదారులు చిత్రాన్ని కొనేవారు. 1981లో వచ్చిన సీతాకోకచిలుకలో గృహిణి పాత్ర వేసి తనకు నటన వచ్చునని చూపింది. అయినా ఆమెను అడిగింది ఆ పాటలే. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో చనిపోయేనాటికి ఆమెకు 36 ఏళ్ళయినా నిండలేదు. ఆమె పాటలకు ఈలలు వేసినవారు లక్షల్లో ఉన్నారు. ఆమె అసలు పేరు తెలిసినవారు ఎందరు?

బొంబాయి నేర్పిన పాఠం

డాన్సులు నిషేధిస్తే సరిపోతుంది గదా అని చాలామంది అంటారు. మహారాష్ట్రలో ఆ పని చేసి చూశారు. 2005లో అక్కడి ప్రభుత్వం పోలీసు చట్టాన్ని సవరించి బార్లలో డాన్సులు నిషేధించింది. ఆడవారి గౌరవాన్ని కాపాడటం, బాలికల రవాణాను ఆపడం తమ ఉద్దేశమని చెప్పింది. కానీ మూడు నక్షత్రాల స్థాయి, ఆపైన ఉన్న హోటళ్ళకు ఈ నిషేధం వర్తించదని మినహాయించింది. అంటే చిన్న బారులో కూలివాడు చూస్తే అశ్లీలం, పెద్ద హోటల్లో షావుకారు చూస్తే వినోదం!

2006లో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. 2013 జూలై 16న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. నిషేధం వల్ల 75 వేలమంది ఆడవాళ్ళు పని కోల్పోయారన్న సంగతీ, వారిలో చాలామంది గతిలేక వ్యభిచారంలోకి దిగవలసి వచ్చిందన్న సంగతీ ఆ తీర్పులో చోటుచేసుకున్నాయి. ఆడవారిని కాపాడాలంటే పని చేసేచోట వారికి భద్రత కల్పించాలి గాని పనే తీసివేయరాదన్నది న్యాయమూర్తుల భావం. ప్రభుత్వం 2016లో మరో కొత్త చట్టం తెచ్చింది. 2019 జనవరి 17న సుప్రీంకోర్టు అందులో పలు షరతులను కొట్టివేసింది. డాన్సు హాలులో కెమెరాలు పెట్టాలన్న షరతును ఒప్పుకోలేదు. గుడికి, బడికి కిలోమీటరు దూరంలో ఉండాలన్న షరతునూ కొట్టివేసింది.

కానీ ఈ షరతును కోర్టు అట్టే నిలబెట్టింది. ఆడేవారి మీద నోట్లు, నాణేలు విసరరాదు. బహుమానం ఇవ్వదలచినవారు ఇవ్వవచ్చు.

పల్లెవాసులు బాగా ఆలోచించవలసిన మాట ఇది. చేతికి ఇచ్చినా, మీద విసిరినా డబ్బు విలువ ఒకటే. తేడా మనిషి విలువలో ఉంది. బుర్రకథ చెప్పిన వారికి పదో పరకో చదివించేటప్పుడు దాత పేరు మైకులో చెబుతారు, కళాకారుడు రెండు చేతులా అందుకుని దీవిస్తాడు. ఇద్దరు మనుషుల మధ్య జరిగే వ్యవహారం అది. నోటు విసిరేవాడు ఎదుట మనిషి ఉందనుకోడు. వంగి ఏరుకోవలసిన అవసరం ఆమెకు ఉందని మాత్రం అతనికి తెలుసు. ఆ వంగడాన్ని చూడటానికే అతడు విసురుతాడు.

పరదేశాల్లో ఏమైంది?

ఈ తర్జనభర్జన మనకే పరిమితం కాదు. ఐస్‌లాండ్ పార్లమెంటు 2010లో నగ్న నృత్యాల క్లబ్బులను మూసివేయిస్తూ చట్టం చేసింది. అనుకూలంగా 31 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ రాలేదు. మతం పేరు చెప్పి కాదు, ఉద్యోగినుల నగ్నత్వం మీద యజమాని లాభం సంపాదించరాదన్న వాదంతో అక్కడి స్త్రీ ఉద్యమకారులు ఈ చట్టాన్ని సాధించారు. చిన్న దేశం, అందరికీ చదువు, ఉద్యోగాలు పోయినవారిని ఆదుకునే ప్రభుత్వం ఉన్న దేశం అది.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో లస్టీ లేడీ అనే ప్రదర్శనశాలలోని నర్తకులు మరో దారి పట్టారు. అక్కడ కొన్ని గదులకు ఇవతలి నుంచి కనిపించి అవతలి నుంచి కనిపించని అద్దాలు ఉండేవి. ఆ చాటున ఉండి కొందరు తమ చిత్రాలు తీస్తున్నారని నర్తకులు యూనియన్ పెట్టుకున్నారు. 1997లో యాజమాన్యంతో ఒప్పందం సాధించారు. 2003లో ఆ వ్యాపారాన్ని తామే కొని సహకార సంఘంగా నడుపుకున్నారు. 2013లో అది మూతపడింది. తమ శ్రమకు తామే యజమానులైతే గౌరవం వస్తుందన్నది వారి నమ్మకం. కొందరికి వచ్చింది కూడా. కాని చూసేవాడి చూపు మార్చడం సహకార సంఘం వల్ల కూడా కాలేదనే చెప్పాలి.

చట్టం ఎవరి మీద?

మన దేశంలో బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు గాని, 1000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2024 జూలై 1కి ముందు ఇదే నేరం పాత శిక్షాస్మృతి 294వ సెక్షన్‌లో ఉండేది. ఈ కేసుల్లో బోనెక్కేది తరచు ఆడిన అమ్మాయిలే. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఒక కోర్టు, బారులో ఆడినందుకు కేసు ఎదుర్కొన్న ఏడుగురు యువతులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. పొట్టి బట్టలు వేసుకోవడం గాని, పాటకు ఆడటం గాని తనంత తాను నేరం కాదని చెప్పింది.

అసలు నేరాలు వేరే ఉన్నాయి. వాటికి పదునైన చట్టాలూ ఉన్నాయి. 18 ఏళ్ళు నిండని పిల్లను అశ్లీలంగా ఆడిస్తే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలడానికి వీల్లేదని పట్టి ఉంచితే అది వెట్టి అవుతుంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు. డాన్సు పేరిట తెచ్చి వ్యభిచారంలోకి దింపితే 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం ఉంది. ఈ మూడింటిలోనూ ముద్దాయి ఏజెంటు, యజమాని, నిర్వాహకుడు. అమ్మాయి కాదు. కానీ ముఖం కప్పుకుని ఫొటోలో నిలబడేది ఆమె, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు కాదు. ఇది మిక్కిలి శోచనీయం.

ఊరు చేయగలిగింది

ఇష్టంతోనే వస్తున్నారు గదా, మనకేమిటి అనేవారు ఉన్నారు. ఇంట్లో పొయ్యి వెలగక, ఏజెంటు అప్పు తీరక వచ్చినదాన్ని పూర్తి ఇష్టమనలేం. అలాగని ఆడేవారందరూ బలిపశువులే అనడమూ సరికాదు. పిల్లల్ని చదివించుకోవడానికి తలెత్తుకుని ఈ పని చేస్తున్నామనే ఆడవాళ్ళు ఉన్నారు, వారిని అవమానించే హక్కు మనకు లేదు. కనుక అడగవలసిన ప్రశ్నలు వేరు. డబ్బు ఎవరి చేతికి పోతోంది? నచ్చని పాటకు ఆడనంటే చెల్లుతుందా? మధ్యలో ఆపి దిగిపోతానంటే పోనిస్తారా? ఈ మూడింటికీ సరైన జవాబు లేనిచోట ఆడదాన్ని సరుకు చేస్తున్నారనే అర్థం. అక్కడ చూస్తూ కూర్చునే ప్రతివాడూ ఆ బేరంలో భాగస్వామే.

జాతర కమిటీలు తలచుకుంటే చేయదగినవి ఉన్నాయి. కమిటీలో మగవాళ్ళతోపాటు మహిళా సంఘాల వారినీ కూర్చోబెట్టాలి. చందా ఇచ్చేది ఇంటివారందరూ అయినప్పుడు సగం ఊరు లేచిపోవలసిన కార్యక్రమం ఆ డబ్బుతో పెట్టడం న్యాయం కాదు. ఏ బృందాన్ని పిలిచినా ఆడేవారి వయసు కాగితాలు చూడాలి. పారితోషికం ఏజెంటుకు గాక ఎవరిది వారి చేతికే ఇవ్వాలి. బహుమానం ఇచ్చేవారు మైకు దగ్గర పేరు చెప్పి ఇవ్వాలి. స్టేజీ మీదికి నోటు విసిరినవాడిని అక్కడికక్కడే లేపి పంపించాలి. కళాకారులకు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది, రాత్రి తిరిగి పోవడానికి వాహనం ఏర్పాటు చేయాలి. సెల్‌ఫోన్లతో చిత్రాలు తీయనివ్వరాదు. ఎక్కడైనా బాలికను ఆడిస్తున్నట్టు కనబడితే 1098కి, ఆడవారిని నిర్బంధించినట్టు తెలిస్తే 181కి గాని 112కి గాని ఫోను చేయాలి.

ఇవన్నీ పాటిస్తే ఇక డాన్సు ప్రోగ్రాం ఎందుకని కుర్రకారు అడగవచ్చు. ఆ ప్రశ్నే అసలు విషయాన్ని బయటపెడుతుంది. ఈ నియమాలతో కూడా నిలిచే ఆట ఆటే. నోట్లు విసరకపోతే, వెక్కిరించకపోతే, పసిపిల్లలు లేకపోతే మజా లేదనిపించే ఆట ఆట కాదు.

ఆడవాళ్ళు గౌరవంగా ఆడే వేదికలు మనకు కొత్త కావు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాల్లో తల్లులు, కూతుళ్ళు, కోడళ్ళు తరతరాలుగా స్టేజీ ఎక్కుతున్నారు. చిందు బాగోతంలో పేరు తెచ్చుకున్న నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసే దాకా ఆ కళనే నమ్ముకున్నారు. సమాజం అట్టడుగున ఉంచిన కులంలో పుట్టినా, రంగు పూసుకుని నిలబడితే ఊరంతా చేతులు జోడించింది. ఆమె ఎదుట కూర్చున్నదీ ఈ ఊళ్ళ మగవాళ్ళే. చూపు మార్చుకోవడం మనవాళ్ళకు చేతకాని పని కాదనడానికి అంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

రానున్న జాతరకు చందా పుస్తకం పట్టుకుని వచ్చేవారిని ప్రతి ఇల్లాలూ, ప్రతి తండ్రీ ఒక్క మాట అడగాలి. రాత్రి పది తరువాత మా ఇంటి ఆడపిల్ల కూడా కూర్చుని చూడగలదా? చూడగలదంటే చందా ఇవ్వాలి. లేదంటే పుస్తకం తిప్పి పంపాలి.